పక్షులకు ఇండ్లు కట్టిన వాటర్టన్

ఇల్లు కట్టుటయు, పెండ్లి చేయుటయు ఎంతటి కష్టమైన కార్యములో మన పెద్దలు సామెత రూపమున చెప్పియున్నారు. కాని కట్టిన యింటిని కలకాలము నిలుపుకొనుట అంతకంటెను కష్టము. గోడ బీటవారిన పూడ్పవలెను. కప్పు కారిన బాగుచేయవలెను. ఎలుకలు చేసిన కన్నములను మూయవలెను. మనుష్యులు తమ యిండ్ల కొరకు ఈ శ్రమ యంతయు సహింతురు. అద్దె చెల్లింపని వారికొరకు, కృతజ్ఞత చెప్పుటకు నోరులేని వారికొరకు అట్టి శ్రమ చేయువారు అరుదు. అట్టి అరుదైన మనుష్యుడొకడు ఇంగ్లండు దేశమున నుండెను. ఆయన పక్షులకు ఇండ్లు కట్టి, వానిని ఏబది సంవత్సరములకు పైగా కాపాడెను. ఆయన పేరు చార్లెసు వాటర్టన్.

ఇంగ్లండు ఉత్తరభాగమున యార్కుషైరు అను మండలము కలదు. అందు వేక్‌ఫీల్డు పట్టణమునకు సమీపమున, ఒక సరస్సు నడుమనున్న చిన్న ద్వీపముపై, వాల్టన్ హాల్ అను భవనము నిర్మింపబడినది. చుట్టును పచ్చిక బయళ్ళు, వృద్ధవృక్షములతో నిండిన విశాలమైన వనము. నీటి యంచున పూర్వకాలపు కోటద్వారము శిథిలమై నిలిచియుండెను. ఈ భవనమునందు 1782 వ సంవత్సరము జూన్ 3 వ తేదీన వాటర్టన్ జన్మించెను. ఆయన వంశీయులు తరతరములుగా ఆ ప్రాంతమునకు ప్రభువులు. వారు కాథలిక్కు మతస్థులగుటచే, ఆనాటి ఇంగ్లండు చట్టములు వారికి పార్లమెంటులో స్థానమును, ఉన్నతోద్యోగములను నిషేధించియుండెను. చేయని నేరమునకు శిక్ష యనుభవించుట ఎట్టిదో ఆ బాలుడు చిన్ననాడే ఎరుంగును.

బాల్యమునుండియు వాటర్టన్‌కు చెట్లెక్కుట, పక్షిగూళ్ళను వెదకుట మిక్కిలి ప్రీతి. 1796 లో ఆయనను లాంకషైరు మండలమందలి స్టోనీహర్‌స్టు విద్యాలయమునకు పంపిరి. అచ్చటి గురువులు వివేకవంతులు. అడవులవెంట తిరుగవలెనను కోరికను బాలునిలో నణచుట అసాధ్యమని గ్రహించి, దానినే విద్యాలయమునకు ఉపయోగపడునట్లు మలచిరి. ఎలుకలను పట్టుట మొదలగు పనులను ఆయనకే యప్పగించిరి. ఒక గురువు ఆయనచేత మద్యమును ఎన్నడును ముట్టనని ప్రమాణము చేయించెను. విందులలో మద్యము నీళ్ళవలె ప్రవహించిన ఆ కాలమున, వాటర్టన్ ఆ మాటను జీవితాంతము నిలుపుకొనెను.

విద్య ముగిసిన పిదప ఆయన కొంతకాలము స్పెయిన్ దేశమున నుండి, 1804 లో దక్షిణ అమెరికాఖండమందలి గయానాకు పోయెను. అచ్చట ఆయన కుటుంబమునకు తోటలుండెను. ఆ తోటలలో పనిచేయువారు ఆఫ్రికానుండి తేబడిన బానిసలు. బానిసత్వమును సమర్థింప వీలులేదని వాటర్టన్ తరువాత వ్రాసెను. అయినను కొన్ని సంవత్సరములు ఆ తోటల వ్యవహారమును ఆయనయే నడపెను. ఆ మచ్చను దాచుట న్యాయము కాదు. అచ్చటనే ఆయన జాన్ ఎడ్మన్‌స్టన్ అను బానిసకు, చనిపోయిన పక్షి చర్మమును చెడకుండ భద్రపరచి జీవకళ ఉట్టిపడునట్లు నిలుపు విద్యను నేర్పెను. స్వతంత్రుడైన పిమ్మట ఎడ్మన్‌స్టన్ ఎడింబరో నగరమున స్థిరపడి, 1826 లో ఒక యువవిద్యార్థికి ఆ విద్యనే బోధించెను. ఆ విద్యార్థి చార్లెసు డార్విన్.

1812 మొదలు 1824 వరకు వాటర్టన్ నాలుగు పర్యాయములు దేశాంతరయాత్ర చేసెను. గయానా అరణ్యములలో ఆయన చెప్పులు లేని కాళ్ళతోనే తిరిగెను, జ్వరములతో బాధపడెను. అచ్చటి ఆదిమజాతులవారు బాణముల మొనలకు పూయు విషమును సంపాదించి ఇంగ్లండునకు తెచ్చెను. 1814 లో ఆ విషమును ఒక ఆడుగాడిదకు ఎక్కించిరి. అది ఊపిరి నిలిచి పడిపోగా, గొంతులో రంధ్రము చేసి కొలిమితిత్తితో గాలి నూది దానిని బ్రతికించిరి. విషము శరీరమును స్తంభింపజేయునే కాని, శ్వాసను నడపగలిగినచో ప్రాణము నిలుచునని ఇందువలన తెలిసెను. ఆ గాడిదను వాటర్టన్ తన వనమునకు తెచ్చి, అది 1839 లో చనిపోవువరకు పని చెప్పక పోషించెను. 1820 లో ఆయన సజీవముగా పట్టుబడిన మొసలివంటి జంతువు వీపుపై కూర్చుండి, దానిని ఒడ్డునకు లాగించిన కథ దేశమంతట ప్రసిద్ధమయ్యెను. 1825 లో ప్రచురింపబడిన ఆయన యాత్రాగ్రంథమును జనులు ఆసక్తితో చదివిరి.

అయినను వాటర్టన్ జీవితమున నిజముగా గొప్పదైన కార్యము దూరదేశపు అరణ్యములలో జరుగలేదు. అది ఆయన స్వగృహమున, ఒక గుడ్లగూబతో ఆరంభమయ్యెను.

1813 లో ఆయన గయానానుండి ఇంటికి వచ్చెను. అప్పటివరకు వాల్టన్ హాల్ ప్రాంతమున గుడ్లగూబలకు బ్రతుకు లేకుండెను. మన దేశమునందువలెనే ఆ దేశమునందును గుడ్లగూబ కూత అశుభమని జనులు నమ్ముచుండిరి. ఇంటిలోని వృద్ధ దాసి ఆ కూత వినినంతనే వణకుచుండెను. వనపాలకుడు ఆమె మాటకు తలయూపి, గుడ్లగూబ కనబడిన తుపాకి నెత్తుచుండెను. అడవులలో కష్టములనుభవించి దయ నేర్చుకొని వచ్చిన వాటర్టన్ ఈ యన్యాయమును సహింపలేదు. తనవారిపై విధింపబడిన చట్టములవంటివే ఈ నోరులేని పక్షులపైనను విధింపబడినవని ఆయనకు తోచెను. వానిని వెంటనే రద్దుచేసెను. ఇకమీదట గుడ్లగూబనుగాని దాని పిల్లలనుగాని తాకినచో గొంతు పిసుకుదునని వనపాలకుని బెదరించెను.

నిషేధముతో ఆయన తృప్తినొందలేదు. శిథిలమైన కోటద్వారముపై రాతితోను సున్నముతోను, నాలుగడుగుల చదరము గల ఒక గదిని కట్టించెను. పక్షి వ్రాలుటకు వీలుగా అందులో లావైన ఓకుకొయ్యను గట్టిగా బిగింపజేసెను. ఇరుగుపొరుగువారు నవ్వియుందురు. కాని ఒక నెల గడచునంతలో గుడ్లగూబల జంట యొకటి వచ్చి, ఆ గదిలో కాపురము పెట్టెను. కొంతకాలమునకు ఐవీ తీగ యల్లుకొని గది కంటికి కనబడకుండ పోయెను.

గుడ్లగూబ ఏమి తినునో ఊహించి చెప్పువారు అనేకులు. వాటర్టన్ ఊహింపలేదు, చూచెను. పిల్లలున్న కాలమున ఆ పక్షి పండ్రెండు, పదునైదు నిమిషముల కొక పర్యాయము ఎలుకను తెచ్చి గూటిలో వేయుచుండుట ఆయన కనిపెట్టెను. గుడ్లగూబ తాను జీర్ణించుకొనలేని ఎముకలను, వెండ్రుకలను ఉండలుగా చేసి నోటినుండి వెడలగ్రక్కును. ఒక్కొక్క యుండలో నాలుగునుండి ఏడు వరకు ఎలుకల యస్థిపంజరము లుండెను. గదిని శుభ్రము చేసిన పదునారు నెలలలో ఒక బుషెలునకు, అనగా సుమారు 36 లీటర్ల కొలతకు మించిన ఉండలు అందు పోగుపడెను. రైతు ధాన్యమును దోచుకొను ఎలుకలను ఇంతగా హతమార్చు పక్షిని అశుభమని చంపుట ఎంతటి అవివేకమో చెప్పుటకు ఆ కుప్పయే సాక్ష్యమయ్యెను.

గుడ్లగూబలకు చోటు చూపిన వాటర్టన్ తరువాత వనమంతటిని పక్షులకు విడిచెను. అందులకు మొదట దానిని తుపాకులనుండి కాపాడవలసియుండెను. 1821 లో ఆయన సుమారు 260 ఎకరముల ఆ వనము చుట్టును ప్రాకారము కట్టింప నారంభించెను. అది మూడు మైళ్ళ పొడవు. ఎచ్చటను ఎనిమిదడుగులకు తక్కువ లేదు. కాలువ ప్రక్క పదునారడుగుల యెత్తు. ఆయన అప్పు చేయలేదు. చేతిలో సొమ్మున్నపుడు పని నడపించి, సొమ్ము లేనపుడు నిలిపి, 1826 నాటికి పూర్తిచేసెను. దాదాపు తొమ్మిదివేల పౌనులు వ్యయమయ్యెను. తనవంటి ప్రభువులు మద్యమునకు వ్యయపరచు ధనమే తన గోడయైనదని ఆయన వేడుకగా చెప్పుకొనుచుండెను.

ఆ గోడలోపల తుపాకి మ్రోగరాదు. చలికాలమున నీటిపక్షులు దిగువేళ సరస్సుపై పడవ తిరుగరాదు. తొఱ్ఱపడిన చెట్టును నరుకరాదు. ఏలయన తొఱ్ఱయే పక్షికి ఇల్లు. రాత్రులందు గోడ దాటి వచ్చు దొంగవేటగాండ్రను మోసగించుటకై, ఆయన కొయ్యతో పక్షుల బొమ్మలను చేయించి చెట్లకొమ్మలపై నుంచెను. వారు చీకటిలో ఆ బొమ్మలను గురిచూచి తుపాకిమందు వృథాచేసికొనుచుండిరి. నిజమైన పక్షులు దట్టమైన పొదలలో నిద్రించుచుండెను. కొలదికాలములోనే నారాయణపక్షులు ఎత్తైన చెట్లపై గూళ్ళు కట్టెను. బాతులు గుంపులుగుంపులుగా సరస్సుపై వ్రాలెను. పక్షులను రక్షించుటకే ప్రత్యేకింపబడిన తొలి వనములలో ఇది యొకటియని ప్రకృతి శాస్త్రచరిత్రకారులు చెప్పుదురు.

ఇంతలో ఆయన గృహమున గొప్ప దుఃఖము సంభవించెను. 1829 లో వాటర్టన్ తన స్నేహితుని కుమార్తెయైన ఆన్ అను యువతిని వివాహమాడెను. ఆమె తల్లి వంశమున గయానా ఆదిమజాతివారి రక్తము కలదు. సంవత్సరమైనను నిండకుండ, 1830 ఏప్రిల్‌లో, కుమారుని ప్రసవించిన కొలదిదినములకే ఆమె మరణించెను. అప్పటికి వాటర్టన్ వయస్సు 47 సంవత్సరములు. ఆ దినమునుండి ఆయన పరుపుపై శయనింపలేదు. కటికనేలపై పండుకొని, కొయ్యదుంగను తలగడగా నుంచుకొనెను. తెల్లవారుజామున మూడుగంటల వేళకే లేచి, ప్రార్థన చేసి, పని నారంభించుచుండెను. ముప్పదియైదు సంవత్సరములు ఈ నియమము తప్పలేదు. ఇల్లు దుఃఖమయమైన ఆ మనుష్యుడు పక్షుల యిండ్లను మరింత శ్రద్ధతో నిర్మింపసాగెను.

మన గోరువంకల జాతికే చెందిన స్టార్లింగు అను పక్షి యార్కుషైరు ప్రాంతమున నుండెను. అది పావురముల గ్రుడ్లను త్రాగునని రైతులు నిందించి దానిని తరుముచుండిరి. వాటర్టన్ దాని నడవడిని పరిశీలించి ఆ నింద యసత్యమని నిశ్చయించెను. స్టార్లింగులు తగ్గిపోవుటకు కారణము ఆహారలోపము కాదు, గృహలోపము. అవి గోడ కన్నములలోను చెట్టు తొఱ్ఱలలోను గూళ్ళు పెట్టును. మనుష్యులు పాతగోడలను పడగొట్టి, మిగిలినవాని కన్నములను పూడ్చివేయుచుండిరి. ఈ సంగతి గ్రహించి ఆయన కోటద్వారపు శిథిలమునందు ఇరువదినాలుగు కన్నములు చేయించెను. ఆ వసంతముననే ఇరువదినాలుగు కన్నములలోను ఇరువదినాలుగు గూళ్ళు వెలసెను. ఒక్కటియు ఖాళీగా మిగులలేదు.

దీనితో ఉత్సాహము కలిగి ఆయన స్టార్లింగుల కొరకు ప్రత్యేకముగా రాతిగోపురములను కట్టించెను. ఈ గోపురముల నిర్మాణము గమనింపదగినది. ఎలుకలు ప్రాకి పైకి పోవకుండునట్లు అవి నునుపైన స్తంభముపై నిలుపబడినవి. పైభాగమున చుట్టును చిన్నచిన్న అరలు. ఒక్కొక్క యరకు తలుపువలె ఒక విడిరాయి. ఆ రాతి మూల నొకదానిని చెక్కివేయగా ఏర్పడిన సందు పక్షి దూరుటకు మాత్రమే చాలియుండెను. రాతికి సున్నము పూయలేదు. కావలసినపుడు దానిని ఊడదీసి లోపల పరీక్షించి, శుభ్రపరచి, మరల అమర్పవచ్చును. ఇల్లు కట్టునాడే దానిని బాగుచేయు విధమును ఆలోచించుట నిజమైన నేర్పరి లక్షణము.

వానకోవెల జాతిలో ఇసుకగట్లకు బొరియలు త్రవ్వి గూళ్ళు పెట్టుకొను చిన్న పక్షులు కొన్ని కలవు. అవి చలికాలమును ఆఫ్రికాలో గడపి, వసంతమున ఇంగ్లండు చేరును. వాల్టన్ హాల్‌లో వానికి తగిన ఇసుకగట్టు లేదు. లేనిచో కల్పింపవలెనని వాటర్టన్ నిశ్చయించెను. ఒక గోడ కట్టించి, అందులో బొరియలవలె లోనికి పోవునట్లు గొట్టములను వరుసలుగా అమర్పించెను. వేలమైళ్ళ దూరమునుండి వచ్చు పక్షి ఈ కృత్రిమగృహమును అంగీకరించునో లేదో ఎవరికి తెలియును? కాని పక్షులు వచ్చెను, చూచెను, కాపురముండెను. గృహస్థుడు తన యింట అతిథులు భుజించుట చూచి సంతోషించునట్లు, వృద్ధుడైన వాటర్టన్ ఆ గోడయెదుట నిలిచి సంతోషించుచుండెను.

పక్షికి ఇల్లు కట్టుట ఒకనాటి ముచ్చట. దానిని నిలుపుట నిత్యకృత్యము. పాతగడ్డి తీయని గూటిలో పేలు, పురుగులు చేరి పిల్లలను పీడించును. ఒక్క రాయి జారిన ఎలుక లోపల దూరి గ్రుడ్లను తినును. నీరు దిగిన యరలో పిల్లలు తడిసి చచ్చును. పక్షులు గూడు పెట్టకముందే ఈ పనులన్నియు ముగియవలెను. వసంతము యజమానుని తీరికకొరకు నిరీక్షింపదు. అందుచే వాటర్టన్ ప్రతిదినము వనమంతయు కలయదిరుగుచు, ఏ గోడ బీటవారెనో, ఏ కొమ్మ విరిగెనో, ఏ యెలుక ఎచ్చట త్రోవ చేసెనో చూచుచుండెను. భవనమునందలి ఎలుకల కన్నములన్నింటిని మూయించెను. వడ్రంగియు, తాపీపనివాడును ఆయనకు నిత్యసహచరులు.

ఆయన ఈ సంపదను తనకొరకే దాచుకొనలేదు. వనద్వారములు జనులకు తెరచియుండెను. కార్మికులును, పాఠశాలల పిల్లలును వచ్చి చెట్లనీడలలో భుజించి పోవుచుండిరి. వేక్‌ఫీల్డు పట్టణమందలి పిచ్చివారి ఆసుపత్రిలోని రోగులను సహితము ఆయన ఆహ్వానించి, విందు చేసి, దూరదర్శినిలోనుండి సరస్సుపైని పక్షులను చూపించుచుండెను. ఆ రోగులను సంఘము దూరముగా నుంచిన కాలమున ఇది సామాన్యమైన దయ కాదు.

వాటర్టన్ వనమునకు ప్రమాదము ఎలుకలవలనను వేటగాండ్రవలనను మాత్రమే కాక, పరిశ్రమలవలనను కలిగెను. ఆయన భూముల సరిహద్దున సబ్బు తయారుచేయు కర్మాగార మొకటి వెలసెను. దాని పొగగొట్టమునుండి వెలువడు ఆమ్లధూమము తగిలి చెట్లు ఎండసాగెను. మురికి కలిసి నీరు చెడెను. మూడు మైళ్ళ గోడ తుపాకిని ఆపగలిగెను గాని పొగను ఆపలేకపోయెను. అరువది యేండ్లు దాటిన ప్రాయమున వాటర్టన్ న్యాయస్థానముల నాశ్రయించెను. సంవత్సరములు గడచెను, ధనము వ్యయమయ్యెను, ఆయన వెనుదీయలేదు. తుదకు కర్మాగారము అచ్చటనుండి తొలగెను. పరిశ్రమల కాలుష్యమునకు ఎదురునిలిచి పోరాడిన తొలివారిలో ఆయన యొకడు.

ఆయనలో లోపములును కలవు. ఆయన కోపిష్ఠి, పట్టినపట్టు విడువనివాడు. పక్షులను చిత్రించుటలో ప్రసిద్ధుడైన ఆడుబాన్ మొదలగువారితో పత్రికలలో కఠినముగా వివాదపడెను. ఎలుకలను, నక్కలను తన వనమునుండి నిర్దాక్షిణ్యముగా తరిమెను. ఇంటికి వచ్చిన అతిథులను హాస్యమునకు భయపెట్టుట ఆయనకు వేడుక. అందుచే లోకులు ఆయనను వింతమనిషియని నవ్వుచుండిరి. కాని ఆయన వెఱ్ఱిపనులను చూచి నవ్వినవారు, ఆయన గూళ్ళలో పెరిగిన పక్షులను లెక్కింపలేదు.

కాలము ఎవరికొరకును ఆగదు. పక్షుల యిండ్లకు నిచ్చెన కావలెను. నిచ్చెనకు బలమైన కాళ్ళు కావలెను. 1850 వ సంవత్సరాంతమున, 68 సంవత్సరముల వయస్సున, వాటర్టన్ ఒక పియరుచెట్టునకు నిచ్చెన వేసికొని యెక్కుచుండగా అది జారెను. ఆయన క్రిందపడి తీవ్రముగా గాయపడెను. చేయి పనికిరాకుండ బిగిసిపోయెను. వైద్యుల ప్రయత్నములు ఫలింపనపుడు, ఎముకలు కట్టు గ్రామవైద్యుడొకడు ఆ చేతిని సరిచేసెను. మరియొకడైనచో ఇక చెట్టు పేరెత్తకుండెడివాడు. వాటర్టన్ మరల చెట్లెక్కెను. ఎనుబది యేండ్ల ప్రాయమునందును చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో ఓకువృక్షముల నెక్కి గూళ్ళను పరీక్షించుచుండెను. క్రిందనున్న మిత్రులు భయముతో పైకి చూచుచుండిరి.

అయినను వార్ధక్యము తన హక్కును వదలుకొనదు. తన తరువాత ఈ గోపురముల రాళ్ళను ఎవరు ఊడదీసి శుభ్రము చేయుదురు? గోడ బీటలను ఎవరు పూడ్చుదురు? ఆయన యొక్క కుమారుడైన ఎడ్మండునకు పక్షులయందు తండ్రికున్న ప్రీతి లేకుండెను. ఈ ప్రశ్నకు వాటర్టన్ చేయగలిగిన సమాధానమొక్కటే: తాను బ్రతికియున్నంతవరకు ఏ పనియు మరునాటికి వాయిదా వేయకుండుట.

1865 వ సంవత్సరము మే 25 వ తేదీ ఉదయమున, 82 సంవత్సరముల వాటర్టన్, వడ్రంగితోను నార్మన్ మూర్ అను యువమిత్రునితోను వనము దూరపు కొసకు పోయెను. అచ్చట కొన్ని చిన్న వంతెనలు పూర్తిచేయవలసియుండెను. పని ముగిసెను. ఇంటికి మరలివచ్చుచు ఒక చిన్న వంతెనను దాటుచుండగా, ముండ్లతీగ యొకటి ఆయన పాదమునకు చుట్టుకొనెను. ఆయన తూలి దుంగపై పడెను. ప్రక్కటెముకలు విరిగి, లోపల గొప్ప గాయమయ్యెను. దక్షిణ అమెరికా జ్వరములును, మొసళ్ళును, ఎత్తైన వృక్షములును తీయలేని ప్రాణమును, తన వనమందలి చిన్న తీగ తీసికొనెను. రెండుదినములు బాధననుభవించి, మే 27 వ తేదీ వేకువకు ముందే ఆయన కన్నుమూసెను.

జూన్ 3 వ తేదీన ఆయన భౌతికదేహమును పడవలో నుంచి, సరస్సు మీదుగా దూరపు కొసకు గొనిపోయిరి. ఆ దినము ఆయన పుట్టినదినము. తాను ముందుగా నిర్ణయించుకొన్న చోటనే, రెండు పెద్ద ఓకువృక్షముల నడుమ, ఆయనను సమాధి చేసిరి. సమాధిపై నుంచవలసిన మాటలను సహితము ఆయనయే లాటిన్ భాషలో వ్రాసియుంచెను.

భయపడినంతయు జరిగెను. ఎడ్మండు ఋణములలో చిక్కుకొనెను. తుపాకి మ్రోగరాదని వాటర్టన్ శాసించిన వనమున వేటలు సాగెను, చెట్లు నరకబడెను. కొలదికాలమునకే ఎస్టేటు విక్రయింపబడెను. కొన్నది ఎవరు? ఏ సబ్బు కర్మాగారముపై వాటర్టన్ న్యాయస్థానములలో పోరాడెనో, దాని యజమాని కుమారుడు. పక్షులు చెదరిపోయెను. గోపురములు శూన్యమయ్యెను. తరువాతికాలమున ఆ భవనము హోటలుగా మార్చబడెను. ఆయన భద్రపరచిన పక్షులును జంతువులును వేక్‌ఫీల్డు ప్రదర్శనశాల సేకరణలో చేరినవి. మూడు మైళ్ళ గోడలో కొన్ని భాగములు మాత్రము నేటికిని మిగిలియున్నవి.

అట్లని వాటర్టన్ శ్రమ వ్యర్థమయ్యెనని తలపరాదు. వాల్టన్ హాల్ వనము చెదరినను, పక్షికి మనుష్యుడు గృహమీయవచ్చునను భావము చెదరలేదు. పక్షులకు గూడుపెట్టెలు కట్టుట నేడు దేశదేశములందు సాధారణమైనది. ఉత్తర అమెరికాలో ఊదారంగు వానకోవెలలు కలవు. పూర్వము అచ్చటి ఆదిమజాతులవారు వానికొరకు సొరకాయబుర్రలను కట్టి వ్రేలాడదీయుచుండిరి. నేడు ఆ దేశపు తూర్పుభాగమున ఆ పక్షులు దాదాపుగా మనుష్యులు కట్టి యిచ్చిన యిండ్లలోనే సంతానమును పెంచుచున్నవి. ఆ యిండ్లను దించి, శుభ్రపరచి, మరల ఎత్తుటకు చేతులు లేనినాడు ఆ పక్షులకు గూడు లేదు. కట్టినవాని వయస్సు పక్షికి తెలియదు. వసంతమున తిరిగి వచ్చినపుడు తలుపు తెరచియున్నదో లేదో మాత్రమే దానికి కావలెను.

మంచిపని నారంభించువారు లోకమున అనేకులు. ఆరంభించిన పనిని అర్ధశతాబ్దము, ప్రతిదినము, విసుగు లేక కాచువారు కొందరే. కాచినవాని చేతినుండి దానిని అందుకొను వారసులు ఇంకను అరుదు. వాటర్టన్ జీవితము మొదటి రెండింటికి నిదర్శనము. ఆయన వనము యొక్క గతి మూడవదానికి హెచ్చరిక. పెద్దలు నాటిన చెట్టు నీడలో కూర్చుండు పిల్లలు, ఆ చెట్టునకు కడివెడు నీరు పోయుట తమ వంతని యెరుగవలెను.